గేటుకీ రోడ్డుకీ మధ్య మూడడుగులు: గుంటూరు బ్రాడీపేట నాలుగో లైను

గుంటూరులో "మీ ఇల్లెక్కడండీ?" అని అడిగితే బ్రాడీపేట మనిషి చెప్పే జవాబు పొరుగూరివాళ్ళకు భిన్నాల లెక్కలా వినపడుతుంది. "ఫోర్ బై ఫోర్టీన్" అంటారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని దానర్థం. కవరు మీద 4/14 అని రాసి, కింద బ్రాడీపేట, గుంటూరు-2 అని వేస్తే పోస్టుమాన్‌కి దాదాపు సరిపోతుంది. ఆ రెండు అనే అంకె ఇప్పుడు 522002 అనే పిన్‌కోడ్‌లో కలిసిపోయింది కానీ, పెద్దవాళ్ళ నోట ఇంకా గుంటూరు-2 అనే వస్తుంది. వీధికి వేరే పేరు లేదు. గుడి పేరు గానీ, కులం పేరు గానీ, పెద్దమనిషి పేరు గానీ ఎవరూ తగిలించలేదు. పేటకు మాత్రం బ్రిటిష్ కాలపు దొర పేరు ఉంది. పక్కనున్న అరండల్‌పేటదీ అదే కథ.

అంకెలతో పిలిచే ఈ పద్ధతి వల్లనే ఈ వీధిలో బతుకు ఇవాళ ఇలా ఉంది. రైలు పట్టాలకు అవతల పాత గుంటూరు, లాలాపేట వైపు సందులు మనుషుల నడకను బట్టి పుట్టినవి. వంపులు తిరుగుతాయి, ఇరుకవుతాయి, కొన్ని ఎవరి గుమ్మం దగ్గరో ఆగిపోతాయి. 1866లో మునిసిపాలిటీ అయిన ఊరు పట్టాలకు ఇవతల పక్కకు పెరిగినప్పుడు మాత్రం గీత గీసి పెరిగింది. పొడుగునా లైన్లు, వాటిని కోస్తూ అడ్డరోడ్లు. గళ్ళ నోటుపుస్తకంలో పేజీలాంటి పేట ఇది. ఇందులో దారి తప్పడం కష్టం. అదే దీనికి తెచ్చిన మొదటి లాభం.

డాక్టరుకు గానీ, ప్లీడరుకు గానీ, ఆడిటరుకు గానీ కావలసింది కొత్త మనిషి సులువుగా వెతుక్కుని రాగల చిరునామా. మాచర్ల నుంచో రేపల్లె నుంచో రైలు దిగిన మనిషి చీటీ మీద రెండు అంకెలు రాసుకుంటే చాలు. లైను ఎన్నోది, అడ్డరోడ్డు ఎన్నోది అని లెక్కపెట్టుకుంటూ వచ్చేస్తాడు. ఇలాంటి చోట ఒక క్లినిక్ వస్తే దాని పక్కన మెడికల్ షాపు వస్తుంది, దాని పక్కన రక్తపరీక్షల ల్యాబు, ఆ ఎదురుగా టిఫిన్ సెంటరు. పైగా గళ్ళ పేటలో మూలలు ఎక్కువ. ప్రతి అడ్డరోడ్డు దగ్గరా నాలుగు మూలలుంటాయి. రెండు పక్కలా రోడ్డున్న కార్నర్ బిట్టుకు ఉండే గిరాకీ మధ్యలో ఉన్న స్థలానికి ఉండదు. కాబట్టి మూలల్లో ఇళ్ళు ముందు షాపులయ్యాయి, తర్వాత మధ్య ఇళ్ళూ ఒక్కొక్కటిగా ఆ దారే పట్టాయి. నాలుగో లైను ఇవాళ ఊళ్ళో పేరున్న వ్యాపార వీధుల్లో ఒకటి. అయినా అక్కడ ఇంకా మనుషులు కాపురం ఉంటున్నారు. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

అక్కడి కాపురాన్ని అర్థం చేసుకోవడానికి చూడాల్సిన చోటు ఇల్లు కాదు, గేటుకీ తారు రోడ్డుకీ మధ్య ఉన్న ఇంచుమించు మూడడుగుల మేర. దాని కింద సైడు కాలవ పారుతుంది. పైన సిమెంటు పలకలో, పాత ఇళ్ళ ముందైతే పల్నాటి నాపరాళ్ళో పరిచి ఉంటాయి. ఆ మూడడుగులు ఎవరివి? కాగితం ప్రకారం కార్పొరేషన్‌వి. ఇంటావిడ లెక్కలో తన వాకిలి. షాపువాడి లెక్కలో సరుకు పెట్టుకునే చోటు. మందులకొచ్చిన మనిషికి బండి ఆపుకునే జాగా. తోపుడు బండి మీద జామకాయలమ్మే అతనికి ఎండ తగలని ఓ మూల. ఇంతమంది లెక్కలూ ఒక్కచోట పడితే ఏమవుతుందో నాలుగో లైనులో రోజూ కనిపిస్తుంది.

తెల్లవారుజామున అయిదింటికి ఆ మూడడుగులు ఇంటావిడవే. పలకల మీద నీళ్ళు చల్లి, చీపురుతో ఊడ్చి, ముగ్గు వేస్తుంది. పూర్వం ముగ్గు రోడ్డు మధ్య దాకా వచ్చేది. ధనుర్మాసంలో అయితే ఎదురింటి ముగ్గూ ఈ ఇంటి ముగ్గూ అంచులు కలిసేవి, నెల పట్టిన రోజు నుంచి పండగ రథం దాకా ఆడపిల్లలు పంతాలకు పోయి వేసేవారు. ఇప్పుడు ముగ్గు పలక కొలతకు తగ్గింది. అయిదు చుక్కలు, మూడు వరసలు, అంతే. దాని మీద కూడా ఏడింటికల్లా మోటారు సైకిలు సైడ్ స్టాండు పడుతుంది. ముగ్గు మధ్యలో ఇనప స్టాండు చేసిన గుంట ఉంటుంది చూడండి, పలక పెచ్చు లేచి అర్ధరూపాయి బిళ్ళంత, అది ఈ వీధి చరిత్ర మొత్తాన్ని చెబుతుంది.

ముగ్గుతో పాటే పంపు. గుంటూరుకు తాగునీరు కృష్ణ నుంచే, తక్కెళ్ళపాడు, సంగం జాగర్లమూడి దగ్గర శుద్ధి అయి వస్తుంది. పంపు వచ్చే వేళకు ఇంట్లో ఎవరో ఒకరు లేచి ఉండాలి, సంపు మూత తీసి మోటారు వేయాలి. మొదట వచ్చే నీళ్ళను పాత కాపురస్తులు పట్టరు. కాసేపు వదిలేసి, చేతిలోకి తీసుకుని వాసన చూసి, అప్పుడు బిందె పెడతారు. అది చాదస్తం అనుకోనక్కర్లేదు. 2018 మార్చిలో ఇదే నగరంలో ఆనందపేట ప్రాంతంలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. తాగునీటి పైపూ మురుగు కాలవా పక్కపక్కనే పోయే ఊళ్ళో, రోడ్డు తవ్వకం మొదలైందంటే ఇంటివాళ్ళకు టెన్షన్ మొదలవుతుంది. గుంటూరులో భూగర్భ డ్రైనేజీ పనులు కేంద్ర నిధులతో మొదలై సగంలో ఆగిన సంగతి ఊరందరికీ తెలుసు. అవి పూర్తయ్యేదాకా ఇంటి ముందు తెరిచిన కాలవే గతి, దాని మీద ఆ పలకలే మూత.

కాలవ గురించి ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళకు ఇది కనిపించదు. షాపు పెట్టినవాడు తన గుమ్మం ఎత్తుకు ర్యాంపు కట్టిస్తాడు. ర్యాంపు కింద కాలవ మూసుకుపోతుంది. పలక ఎత్తి పూడిక తీసే వీలుండదు, ర్యాంపు పగలగొడితేనే తీయాలి. పగలగొడితే షాపువాడు ఒప్పుకోడు. పూడిక ఒక్కచోట ఆగితే చాలు, ఎగువన ఉన్న పది ఇళ్ళకు నీళ్ళు ఎదురు తంతాయి. గంట సేపు గట్టి వాన కురిస్తే నాలుగో లైనులో నీళ్ళు నిలవడానికి సగం కారణం ఇదే. వాన ఆగాక పాత ఇళ్ళవాళ్ళు గుమ్మంలోకి వచ్చిన నీళ్ళను చీపుర్లతో తోస్తూ కనిపిస్తారు. పాత ఇళ్ళే ఎందుకంటే, రోడ్డు వేసినప్పుడల్లా పాతది గీకకుండా పైన ఇంకో పొర పోస్తారు. రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇల్లు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఒకప్పుడు వీధిలోంచి నాలుగు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్ళాలి.

ఇళ్ళు ఎవరివి, ఉంటున్నది ఎవరు

పాత బ్రాడీపేట ఇల్లు అంటే ముందు వసారా, లోపల నాపరాళ్ళ గచ్చు, వెనక పెరడు, పెరట్లో బావి, ఒక కొబ్బరి చెట్టు. పిల్లలు చదువుకుని హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళారు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు మిగిలారు. వాళ్ళకు ఆ ఇల్లు ఊడ్చుకోవడమే బరువైంది. బిల్డరు వచ్చి డెవలప్‌మెంట్‌కి అడిగితే, వాటా మాట్లాడుకుని ఇచ్చారు. కింద షాపులు, పైన ఫ్లాట్లు వచ్చాయి. పెద్దవాళ్ళకు పై అంతస్తులో ఒక ఫ్లాటు, కింద షాపు మీద అద్దె. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి బేరం లేదు. అయితే వసారాలో కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్ళను పలకరించే మనిషి మూడో అంతస్తు బాల్కనీకి చేరాక వీధి మీద కళ్ళు పోయాయి. కింద ఎవరి బండి ఎవరు ఎత్తుకెళ్తున్నా పైనుంచి కనిపించదు, కనిపించినా అరిచేలోపు మాయమవుతుంది. షాపుల ముందు సీసీ కెమెరాలు ఆ పని సగమే చేస్తాయి. వసారాలోని తాతగారు దొంగను చూడటమే కాదు, బడి నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిని కూడా చూసేవాడు.

ఇప్పుడు ఈ లైనులో రాత్రి పడుకునేవాళ్ళలో సొంతింటివాళ్ళు తక్కువే. అద్దె కుటుంబాలున్నాయి. చదువు కోసం వచ్చి గదుల్లో, హాస్టళ్ళలో ఉండే పిల్లలున్నారు. సీఏ చదువుకు గుంటూరుకు ఎప్పటినుంచో పేరుంది, పోటీ పరీక్షల కోచింగులు సరేసరి. ఒక గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటారు. వాళ్ళకు వీధి అంటే టిఫిను, జిరాక్సు, రాత్రి పదింటికి ఒక టీ. నెలకు ఇంత అని మెస్సులో కట్టి, ఆదివారం సాయంత్రం మెస్సు లేని పూట పునుగుల బండి దగ్గర గుమిగూడతారు. ఇంటి మీద బెంగ ఆ బండి దగ్గరే బయటపడుతుంది, ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ అటు తిరిగి నిలబడే పిల్లలు ప్రతిసారీ ఒకరిద్దరైనా ఉంటారు.

ఇక అందరికన్నా ఎక్కువసేపు ఈ వీధిలో గడిపేవాళ్ళు అపార్టుమెంటు వాచ్‌మన్ కుటుంబాలు. చాలావరకు పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. సెల్లార్‌లో మెట్ల కింద గది, అందులోనే పొయ్యి, దేవుడి పటం, పిల్లల పుస్తకాలు. మోటారు వేసేది వాళ్ళు, పాలప్యాకెట్లు పై అంతస్తులకు పంచేది వాళ్ళు, చెత్త బండి పాట వినగానే బకెట్లు దించేది వాళ్ళు. గేటు ముందు బండి పెట్టినవాడితో గొడవ పడాల్సిందీ వాళ్ళే, ఆ గొడవలో మాట పడేదీ వాళ్ళే. వీధి బాగోగుల గురించి ఎవరైనా సర్వే చేస్తే ముందు అడగాల్సింది ఈ ఇంటి ఆడవాళ్ళను. ఏ వేళకు ఏ పంపు వస్తుంది, ఏ పలక కదులుతుంది, ఏ కుక్క కరుస్తుంది, అన్నీ వాళ్ళకు తెలుసు. ఎవరూ అడగరు.

"అయిదు నిమిషాలండీ"

పార్కింగు గొడవ లేని రోజు నాలుగో లైనులో ఉండదు. ప్రతి గేటుకూ ఒక రేకు బోర్డు వేలాడుతుంటుంది, "గేటు ముందు వాహనములు నిలుపరాదు" అని. కొందరు గొలుసు కట్టారు, కొందరు పూలకుండీలు పెట్టారు, కొందరు పగిలిన సిమెంటు తూములు దొర్లించి పెట్టారు. అయినా బండి ఆగుతుంది. ఇంటాయన బయటకు వచ్చి అడిగితే ఎదుటి మనిషి చెప్పే మాట ఒకటే. "అయిదు నిమిషాలండీ, మందులు తీసుకుని వచ్చేస్తా." ఆ మాటలో అబద్ధం లేదు. నిజంగానే అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతాడు. ఆ ఖాళీలో ఇంకొకరు పెడతారు, అదీ అయిదు నిమిషాలకే. ఇంటాయనకు మాత్రం పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా గేటు మూసే ఉంటుంది. బీపీ పెరిగి ఆటో పిలిచిన రోజున ఆటో గేటు దాకా రాలేకపోతే, అప్పుడు ఆ అయిదు నిమిషాలకు అర్థం మారిపోతుంది.

తప్పు బండి పెట్టినవాడిది అనుకోవడం తేలిక. అసలు లోపం భవనాల్లో ఉంది. ప్లానులో పార్కింగు అని చూపించిన సెల్లార్‌లో ల్యాబో, గోడౌనో, జిరాక్సు షాపో నడుస్తుంటే, ఆ భవనానికి వచ్చే వందమంది బండ్లు ఎక్కడికి పోవాలి? రోడ్డు మీదికి, ఆ మూడడుగుల మీదికి. ప్లానుకు మించి కట్టినవాటిని బీపీఎస్ పేరుతో అపరాధ రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే అవకాశం 2007 చివర ఒకసారి, 2015లో మళ్ళీ వచ్చింది. రుసుము ఖజానాకు వెళ్ళింది. వదలని జాగా తాలూకు ఇబ్బంది మాత్రం పక్కింటి గేటు ముందే ఉండిపోయింది. నిబంధన మీరినవాడు డబ్బు కట్టి బయటపడితే, మీరకుండా అయిదడుగులు వదిలి కట్టుకున్న పక్కింటాయన తాను వదిలిన జాగాలో ఎవరి బండ్లో చూసుకుంటూ కూర్చోవాలి. ఇది న్యాయం అనిపించుకోదు.

దీనికి తోడు గళ్ళ పేట స్వభావం ఒకటుంది. ఇందులో మూసుకుపోయే సందు దాదాపు లేదు. ప్రతి లైనూ ఎక్కడికో ఒకచోటికి తేలుతుంది. అంటే ఊళ్ళో ఏ పెద్ద రోడ్డు మూసుకున్నా, దాని బండ్లన్నిటికీ ప్రతి లైనూ ఒక దొడ్డిదారే. శంకర్‌విలాస్ వంతెన సంగతి తీసుకుంటే ఇది బాగా తెలుస్తుంది. రైలు పట్టాల మీదుగా ఈ పేటలను పెద్దాసుపత్రి, ఏసీ కాలేజీ వైపుతో కలిపే పాత వంతెనను మూసి, దాని స్థానంలో రూ.98 కోట్లతో వెడల్పయిన కొత్త వంతెన కట్టే పని 2025లో మొదలైంది. పాత వంతెన ఇరుకై దశాబ్దాలయింది, కొత్తది రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ మూసిన రోజు నుంచి జనం మూడు వంతెనలు అని పిలిచే రైలు కింది దారి వైపూ, కంకరగుంట వైపూ మళ్ళాల్సి వచ్చింది. అటు చేరడానికి ఎవరికి తోచిన లైనులోకి వాళ్ళు దూరతారు. వాన పడితే మూడు వంతెనల కింద నీళ్ళు నిలుస్తాయి, అప్పుడు మిగిలిన దారి ఒకటే, దాని వెనక క్యూ లైన్ల దాకా పాకుతుంది. పాత గుంటూరు సందులో ఉన్నవాళ్ళకు ఈ బాధ తక్కువ. తెలియనివాడు అందులోకి రాడు, వచ్చినా వెనక్కి తిప్పుకోవాలి.

అయితే అదే గళ్ళ ప్లాను ఇచ్చే సాయం కూడా చెప్పాలి. పెళ్ళికో, వినాయక చవితి పందిరికో అడ్డరోడ్డుకు అడ్డంగా శామియానా వేస్తే ఇక్కడ ఎవరూ కోప్పడరు. పక్క అడ్డరోడ్డులోంచి తిరిగి పోతారు. వెదురు కర్ర పాతగానే ఆటోవాళ్ళు అడగకుండానే మలుపు తీసుకుంటారు. ఎవరింట్లోనైనా చావు జరిగితే ఇంటి ముందు ఫ్రీజర్ బాక్సు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గంటలో వీధి మూసుకుంటుంది. ఎదుటి షాపు అతను పేరు కూడా సరిగా తెలియని మనిషి కోసం షట్టరు సగం దించుతాడు. సాగనంపేదాకా పాటలు ఆపేస్తాడు. బోణీ కాని రోజైనా సరే. వ్యాపార వీధిలో మనుషులు ఒకరికొకరు ఉండరని అనేవాళ్ళు ఈ సగం దించిన షట్టరును చూడలేదు.

సాయంత్రపు చుట్టాలు

గుంటూరులో ఆసుపత్రులు బాగా గుమిగూడింది పట్టాలకు అవతల కొత్తపేటలో. అక్కడే ప్రభుత్వ పెద్దాసుపత్రి. 1946లో మొదలైన మెడికల్ కాలేజీ ఉన్న ఊరు కావడంతో ఇక్కడ డాక్టర్లకు లోటు లేదు, క్లినిక్కులు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలోకీ వ్యాపించాయి. చాలా క్లినిక్కులకు అసలు వేళ సాయంత్రమే. 2022లో జిల్లాను మూడు ముక్కలు చేసి పల్నాడు, బాపట్ల వేరయ్యాయి గానీ, జబ్బు చేస్తే వినుకొండ, గురజాల, రేపల్లె మనుషులకు ఇప్పటికీ గుంటూరే. పొద్దున పేరు రాయించి, టోకెను తీసుకుని, సాయంత్రం దాకా ఎక్కడుండాలో తెలియక ఆ పలకల మీదే కూర్చుంటారు.

ఒక మనిషిని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. చేతిలో స్కానింగు కవరు. పెద్ద తెల్ల కవరు, మడత పడకూడదని ఒళ్ళో పరుచుకుని కూర్చుంటుంది ఆవిడ. పక్కన సంచిలో పెరుగన్నం డబ్బా, ఖాళీ అయిన నీళ్ళ సీసా. గేటు లోపల ఇంటావిడ కనిపిస్తే మొహమాటపడుతూ "అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా" అంటుంది. ఇచ్చే ఇళ్ళున్నాయి. వేసవిలో గేటు పక్కన తడిగుడ్డ చుట్టిన కుండ పెట్టే ఇళ్ళూ ఉన్నాయి. ఆ తర్వాత అడిగేది బాత్రూమ్. అక్కడే ఇంటావిడకు ఇబ్బంది. ఒకరికి సరే, రోజుకు పదిమందికి ఎలా? కాదంటే మనసు ఒప్పదు, అవునంటే ఇల్లు ఇల్లులా ఉండదు. పేషెంట్లు కూర్చునే చోటు, ఆడవాళ్ళకు శుభ్రమైన టాయిలెట్టు చూపించని క్లినిక్ తన ఖర్చును ఇలా పక్కింటి మీదికి తోస్తోంది. డాక్టరు గారి చేతి చలవ గొప్పదే కావచ్చు, ఆయన భవనం మాత్రం పక్కింటావిడ దయ మీద నడుస్తోంది.

మిర్చి సీజనులో ఈ రాకపోకలు ఇంకా పెరుగుతాయి. జనవరి నుంచి వేసవి దాకా మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన రైతు, డబ్బు చేతికి అందిన రోజున వాయిదా వేసుకున్న పనులన్నీ కలిపి పెట్టుకుంటాడు. కళ్ళ డాక్టరు, పిల్లాడి ఫీజు, ఆవిడకు చీర. యార్డుకు మే నెలలో సెలవులిచ్చాక లైనులో రద్దీ కాస్త తెరిపిన పడుతుంది. ఆ నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా షాపువాళ్ళు కూడా కునుకు తీస్తారు. పాత ఇళ్ళ ముందున్న వేపచెట్లు బోర్డులకు అడ్డమని కొట్టేయడంతో నీడ పోయింది. మిగిలిన ఒకటి రెండు చెట్ల కింద ఇస్త్రీ బండి, దాని పక్కన చెప్పులు కుట్టే అతను, ఆ నీడలోనే రెండు ఆటోలు. రాత్రి కరెంటు పోతే షాపుల జనరేటర్లు ఒక్కసారిగా మొదలవుతాయి, ఆ మోతకు పై అంతస్తుల్లో చంటిపిల్లలు లేస్తారు.

అద్దెల గురించి ఒక్క మాట. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఈ పక్కకు వస్తుందన్నప్పుడు గుంటూరులో అద్దెలు పెరిగాయి, 2019 చివర మూడు రాజధానుల మాట రాగానే చల్లబడ్డాయి, 2024 తర్వాత మళ్ళీ కదిలాయి. నాలుగో లైనులో మాత్రం షాపు అద్దెకూ ఇంటి అద్దెకూ ఉన్న తేడాయే అన్నిటినీ నడిపిస్తుంది. అదే కొలత జాగా ఇల్లుగా ఇస్తే వచ్చేదానికి షాపుగా ఇస్తే వచ్చేదానికి పొంతన ఉండదు. అది తెలిసీ ఇల్లు ఇల్లుగానే ఉంచుకున్నవాళ్ళు రోజూ డబ్బు వదులుకుంటూ బతుకుతున్నట్టే.

మరి ఎందుకు ఉంటున్నారు? మమకారం ఒక కారణం. కానీ అంతకంటే గట్టి కారణం నడక. డెబ్బై దాటిన మనిషికి బండి నడపడం రాదు, ఫోన్లో ఆటో పిలవడం చేతకాదు. అలాంటి మనిషికి రెండు వందల అడుగుల్లో మందుల షాపు, బ్యాంకు, డాక్టరు, గుడి, అప్పటికప్పుడు మర పట్టిచ్చే కాఫీపొడి కొట్టు దొరికే చోటు ఊరి చివర కాలనీల్లో లేదు. అక్కడ గాలి ఉంది, పార్కింగు ఉంది, నిశ్శబ్దం ఉంది, ఒక కరివేపాకు రెమ్మ కావాలంటే మాత్రం ఎవరో ఒకరు బండి తీయాలి. లైనులో ఇల్లు అమ్మి అక్కడికి వెళ్ళిన పెద్దవాళ్ళు కొందరు కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా గుమ్మంలో ఎదురుచూసే స్థితికి వచ్చారు. లైనులో ఉండిపోయినవాళ్ళు తమ పని తాము చేసుకుంటున్నారు. వృద్ధాప్యానికి ఇంతకు మించిన వీధి గుంటూరులో దొరకడం కష్టం.

కష్టమల్లా ఆ రెండు వందల అడుగులు నడవడంలోనే ఉంది. పలకలన్నీ ఒక్క ఎత్తున ఉంటే వాటి మీదే నడిచిపోవచ్చు. కానీ ఒక షాపు ర్యాంపు మోకాలెత్తు, తర్వాతి ఇంటి పలక కిందికి, ఆ తర్వాత పలకే లేదు, కాలవ నోరు తెరిచి ఉంది, ఆ పైన ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ. కాబట్టి పెద్దవాళ్ళు రోడ్డు మీదికి దిగి, ఆగి ఉన్న బండ్లకూ పోయే బండ్లకూ మధ్య నడవాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. ఒక్క లైను పొడుగునా కాలవ పూడిక తీసి, ర్యాంపులు గేటు లోపలికి జరిపించి, పలకలు ఒకే మట్టానికి వేసి, సెల్లార్లు పార్కింగుకు తెరిపిస్తే చాలు. షాపులు ఎత్తేయమని ఇక్కడి ఇళ్ళవాళ్ళు ఎవరూ అడగడం లేదు. ఆ షాపుల వల్లనే తమకు నడక దూరంలో అన్నీ దొరుకుతున్నాయని వాళ్ళకు తెలుసు.

ఈలోగా ఎవరి ఏర్పాటు వాళ్ళు చేసుకున్నారు. కాఫీపొడికీ పాలకూ వెళ్ళే పెద్దావిడలు ముగ్గు వేసిన వెంటనే, ఆరు కాకముందే గేటు దాటుతారు. చేతిలో కర్ర, మోచేతికి గుడ్డ సంచి. మొదటి ర్యాంపు తప్పించి రోడ్డు మీదికి, మూడో ఇంటి దగ్గర మళ్ళీ పలక మీదికి, కదిలే పలక దాటాక ఒకసారి ఆగి వెనక్కి చూసి, మూల దాకా. ఆరున్నరకు ఇంట్లో ఉంటారు. ఏడు దాటితే డబ్బులు చేతికిచ్చి వాచ్‌మన్ కొడుకుని పంపుతారు.